కొడుకు కోసం రాజు... రాజ్యం కోసం రాణి

వారసుడి కోసం ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ పెళ్లి మీద పెళ్లి చేసుకుంటూ పోయాడు. అదే బెంగ పాలమూరు సంస్థానాలనూ పట్టుకుంది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కోటల్లో ఆ బెంగను మోసిందీ తీర్చిందీ ఎక్కువగా ఆడవాళ్లే.

1509 ఏప్రిల్‌లో, పద్దెనిమిదేళ్లు ఇంకా నిండని యువరాజు ఒకడు ఎనిమిదో హెన్రీ పేరుతో ఇంగ్లండు గద్దెనెక్కాడు. అదే సంవత్సరం తుంగభద్ర ఒడ్డున విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు రాజయ్యాడు. 1510 ప్రాంతంలో కృష్ణకు ఉత్తరాన వీరకృష్ణారెడ్డి వనపర్తి సంస్థానానికి పునాది వేశాడని ఆ వంశ చరిత్ర చెబుతుంది. మూడు చోట్లా రాజును నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటే: నా తర్వాత ఎవరు?

ఆ ప్రశ్నకు ఇంగ్లండు రాజు వెతుక్కున్న జవాబు ప్రపంచమంతా చెప్పుకునే కథ అయింది. సినిమాలు వచ్చాయి, నవలలు వచ్చాయి. మన కృష్ణా తీరంలో దొరికిన జవాబు మాత్రం కోట గోడల మధ్యే ఉండిపోయింది. నా మటుకు నాకు మన కథే పెద్దది. ఆ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు హెన్రీ ఇంట్లోకి వెళ్లి రావాలి.

వదినను పెళ్లాడిన రాజు

హెన్రీ తండ్రి ఏడో హెన్రీ 1485లో బాస్‌వర్త్ యుద్ధం గెలిచి కిరీటం సంపాదించాడు. అంతకు ముందు ముప్ఫై ఏళ్లు రెండు రాజవంశాల దాయాదులు ఒకరినొకరు నరుక్కున్నారు. ట్యూడర్లది కొత్త వంశం, వేళ్లు లోతుగా దిగలేదు. మగబిడ్డ లేకుండా రాజు పోతే మళ్లీ కత్తులు లేస్తాయన్న భయం ఆ ఇంట్లో అందరికీ ఉండేది. హెన్రీ చేసిన పనులను నేను సమర్థించను. ఆ భయం ఉత్తిది కాదని మాత్రం ఒప్పుకోవాలి.

పెద్దకొడుకు ఆర్థర్‌కు 1501లో స్పెయిన్ రాజకుమారి కేథరిన్‌నిచ్చి పెళ్లి చేశారు. ఐదు నెలలు తిరగకుండానే ఆర్థర్ చనిపోయాడు. వదినను మరిది పెళ్లాడటం మన ఇళ్లలో ఊహకు కూడా అందని సంగతి. వాళ్ల మతధర్మంలోనూ అది నిషిద్ధమే. అయినా పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు. 1509 జూన్‌లో హెన్రీ, కేథరిన్‌ల పెళ్లయింది.

1511 జనవరి 1న మగబిడ్డ పుట్టాడు. ఊరూరా మంటలు వేసి సంబరాలు చేసుకున్నారు. 52 రోజులకే ఆ పసివాడు కన్నుమూశాడు. ఆ తర్వాత కేథరిన్ కడుపున పడ్డవాళ్లలో 1516లో పుట్టిన మేరీ ఒక్కతే బతికి బట్టకట్టింది. కూతురున్నది కదా అని ఎవరూ రాజుకు ధైర్యం చెప్పలేదు. అన్న భార్యను పెళ్లాడినవాడికి సంతానం నిలవదని బైబిల్లో ఉన్న మాట అతని మనసును తొలిచింది. దానికి తోడు ఆన్ బొలీన్ మీద మోజు పుట్టింది. పెళ్లి చెల్లదని ప్రకటించమని పోప్‌ను అడిగితే ఆయన ఏళ్ల తరబడి నాన్చాడు. రోము నగరం అప్పటికి కేథరిన్ అక్క కొడుకు, చక్రవర్తి ఐదో చార్లెస్ గుప్పిట్లో ఉంది మరి. చివరికి హెన్రీ పోప్‌నే కాదనుకున్నాడు. 1534లో చట్టం చేసి ఇంగ్లండు చర్చికి తానే అధిపతినని ప్రకటించుకున్నాడు. మగబిడ్డ కోసం మొదలైన తగువు ఒక దేశం మతాన్నే మార్చింది.

1533లో ఆన్ రాణి అయింది. ఆ సెప్టెంబరులో ఆమెకూ ఆడపిల్లే పుట్టింది. ఆ పాప ఎలిజబెత్. తర్వాత గర్భాలు నిలవలేదు. 1536 మే 19న, వ్యభిచారం, రాజద్రోహం నేరాలు మోపి ఆన్ తల తీయించారు. ఎలిజబెత్‌కు అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. పదకొండు రోజులకు రాజు జేన్ సీమోర్‌ను పెళ్లాడాడు. 1537 అక్టోబరు 12న ఆమె ఎడ్వర్డ్‌ను కన్నది, 24న పురిటి జబ్బుతో పోయింది. 1540 జనవరిలో జర్మనీ నుంచి వచ్చిన క్లీవ్స్ ఆన్‌తో పెళ్లయింది, జులైలో రద్దయింది. అదే నెలలో కేథరిన్ హవర్డ్ వచ్చింది. ఇరవై ఏళ్లు నిండాయో లేదో తెలియని ఆ పిల్ల తలను 1542 ఫిబ్రవరిలో నరికించారు. 1543లో కేథరిన్ పార్ ఆరో భార్యగా అడుగుపెట్టింది. పదేళ్ల పైచిలుకులో ఐదు పెళ్లిళ్లు.

ఆ పిల్లలను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మేరీని కన్నతల్లి చివరి రోజుల్లో చూడనివ్వలేదు. తల్లి పెళ్లి చెల్లదని తేల్చడంతో ఆమె యువరాణి హోదా పోయింది. చెల్లెలు ఎలిజబెత్‌కూ తర్వాత అదే గతి. పెళ్లికి వెలుపల హెన్రీకి పుట్టిన ఫిట్జ్‌రాయ్ అనే కొడుకు 1536లో పదిహేడేళ్లకే చనిపోయాడు. ముగ్గురు తల్లుల ముగ్గురు బిడ్డలను దగ్గరికి తీసి, చదువు సంధ్యల మీద శ్రద్ధ పెట్టింది సవతి తల్లి కేథరిన్ పార్. సవతి తల్లులందరూ ఒకలాంటివాళ్లు కారని చెప్పడానికి ఈమె ఒక్కతే చాలు.

నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచేది వేరొకటుంది. 1513లో ఫ్రాన్సు మీదికి దండెత్తి వెళ్తూ హెన్రీ రాజ్యాన్ని మొదటి భార్య చేతిలో పెట్టాడు. ఆయన లేని సమయంలో స్కాట్లండు సైన్యం విరుచుకుపడితే కేథరిన్ పాలనలో ఉన్న ఇంగ్లండే గెలిచింది. 1544లో మళ్లీ ఫ్రాన్సు వెళ్తూ ఆరో భార్యకు పగ్గాలు అప్పగించాడు. ఆడది రాజ్యం నడపగలదని ఆయన రెండుసార్లు కళ్లారా చూశాడు. అయినా ఇద్దరు కూతుళ్లను కళ్లెదుట పెట్టుకుని కొడుకు కోసమే అలమటించాడు.

ఆ కొడుకు ఎడ్వర్డ్ తొమ్మిదేళ్లకు రాజై, పదిహేనేళ్లకు 1553లో క్షయ లాంటి జబ్బుతో పోయాడు. తర్వాత మేరీ ఐదేళ్లు ఏలింది. 1558 నుంచి 1603 దాకా ఎలిజబెత్ ఏలింది. ఈస్టిండియా కంపెనీకి 1600లో పట్టా ఇచ్చిందీ ఆమే. పెళ్లి చేసుకోకుండానే బతికిన ఆమెతో ట్యూడర్ వంశం ముగిసింది. కిరీటం హెన్రీ అక్క మార్గరెట్ మునిమనవడికి, స్కాట్లండు రాజు జేమ్స్‌కు పోయింది.

దత్తత అనే దారి

ఇదంతా చదివిన తెలుగువాడికి సహజంగా ఒక సందేహం వస్తుంది. కొడుకు లేకపోతే దత్తత తీసుకోవచ్చు కదా?

హెన్రీకి ఆ దారి లేదు. ఇంగ్లండు చట్టంలో దత్తత అనేదే లేదు. రక్తం పంచుకు పుట్టాలి, అదీ చర్చి ఒప్పుకున్న పెళ్లిలో పుట్టాలి. పరాయి బిడ్డను సొంత బిడ్డగా చట్టబద్ధంగా తెచ్చుకోవడం ఆ దేశంలో 1926లో గానీ మొదలుకాలేదు. అప్పటికి మన ధర్మశాస్త్రాల్లో దత్తపుత్రుడికి ఎన్నో శతాబ్దాల చరిత్ర ఉంది.

మనవాళ్లకు కొడుకు బెంగ తక్కువేమీ కాదు. పున్నామ నరకం భయం ఒకవైపు, పిండం పెట్టేవాడు లేడన్న దిగులు ఒకవైపు, ఆస్తి దాయాదుల పాలవుతుందన్న గుబులు ఇంకోవైపు. రాయలంతటివాడు ఆరేళ్ల కొడుకు తిరుమలరాయుడికి పట్టం కట్టి, ఆ పసివాణ్ని 1524లో పోగొట్టుకుని కుమిలిపోయాడు. విషం పెట్టారన్న అనుమానంతో తండ్రిలాంటి తిమ్మరుసును ఖైదు చేసి కళ్లు పీకించాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. 1529లో రాయలు పోయాక గద్దె తమ్ముడు అచ్యుతుడికి వెళ్లింది. కొన్నేళ్లకు అసలు పెత్తనమంతా రాయల అల్లుడు, అళియ రామరాయల చేతికి చేరింది.

అల్లుడి మాట వచ్చింది కాబట్టి గద్వాలకు వెళ్దాం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ అది. గద్వాల వంశానికి మూలపురుషుడు ముష్టిపల్లి వీరారెడ్డి. ఐజ, ధరూరు ప్రాంతాలకు నాడగౌడు, అంటే ఆ సీమ పెద్ద. ఆయనకు కొడుకులు లేరు, ఒక్కతే కూతురు. ఆమెకు పెళ్లి చేసి, అల్లుడు పెద్దారెడ్డిని ఇల్లరికం తెచ్చుకున్నాడు. మామ తర్వాత నాడగౌడికం అల్లుడిది. ఆ అల్లుడి కొడుకే సోమనాద్రి. గద్వాల కోట కట్టినవాడు, నడిగడ్డ పల్లెలు ఇప్పటికీ వీరుడిగా తలుచుకునేవాడు.

అంటే గద్వాల సంస్థానం ఆడపిల్ల ద్వారా నిలబడిన వంశం. రెడ్లలో, కమ్మల్లో ఇల్లటం ఆచారం పూర్వం నుంచీ ఉంది. అత్తగారింట ఉండి వ్యవసాయం చూసుకునే అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆ ఆచారాన్ని మద్రాసు కోర్టులు కూడా గుర్తించాయి. హెన్రీ ఇంట్లో మేరీ ఉంది. ఆమెకు తగిన వరుణ్ని తెచ్చి పక్కన కూర్చోబెడితే సరిపోయేది కదా అని నడిగడ్డ రైతు అడిగితే ఇంగ్లండు మంత్రులు బెదిరిపోయేవారు. ఆడది రాణి అయితే మొగుడు రాజవుతాడు, పరాయి దేశం పెత్తనం వస్తుంది అన్నది వాళ్ల భయం. ఆ ప్రశ్నకు మన పల్లె ఇచ్చిన జవాబు సులువుగా ఉంది: పరాయివాణ్నే మన ఇంటివాణ్ని చేసుకుందాం.

గద్వాల వంశావళిలో ఆడపేర్లు

సోమనాద్రి 1712లో పోయాడు. ఆ తర్వాత వంశావళిలో కనిపించే పేరు రాణి లింగమ్మ. ఆమె వెనుక రాణి అమ్మక్కమ్మ. మధ్యలో తిరుమలరావు. 1740ల్లో మళ్లీ రాణి మంగమ్మ, రాణి చొక్కమ్మ. వందేళ్ల తర్వాత 1840లో మరో రాణి లింగమ్మ. ఆపైన వెంకటలక్ష్మమ్మ. ఇక సంస్థానాల చివరి పాతికేళ్లు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మవి.

ఈ వరసను ఒక్కసారి నిదానంగా చూడండి. రాజు పోయినప్పుడల్లా ఒక స్త్రీ పేరు వస్తుంది. కొన్ని పేర్లు ఒకటి రెండేళ్లే ఉన్నాయి. కొడుకు పెద్దవాడయ్యేదాకానో, దత్తత కుదిరేదాకానో గద్దెను ఖాళీగా వదలకుండా కాపాడిన కాలమది. మంగమ్మ, చొక్కమ్మలు ఏలిన రోజులు ఎలాంటివో గుర్తు తెచ్చుకోవాలి. కర్నూలు నవాబులు నది అవతలే ఉన్నారు. మరాఠా దళాలు చౌతు అడుగుతూ తిరుగుతున్నాయి. 1748లో నిజాముల్ ముల్క్ చనిపోతే ఆయన ఇంట్లోనే కొడుకు నాసర్ జంగుకూ కూతురి కొడుకు ముజఫర్ జంగుకూ యుద్ధం మొదలైంది. 1750లో ఒకరు, 1751లో ఇంకొకరు హతమయ్యారు. హైదరాబాదు ప్రభువుల ఇంట వారసత్వం నెత్తురు పారిస్తున్న దశకంలో గద్వాల కోట ఆడవాళ్ల చేతుల మీదుగా చెక్కుచెదరకుండా తర్వాతి తరానికి అందింది.

మనం చదువుకున్న చరిత్రలో వీళ్లకు దక్కింది ఒక్కో వాక్యం. ఆ వాక్యంలోనూ ఫలానా రాజు భార్య అన్న పరిచయమే ముందు వస్తుంది. రాజులు కట్టించిన గుళ్ల పేర్లు, కవులకు ఇచ్చిన అగ్రహారాలు వివరంగా ఉంటాయి. పేష్కషు అనే కప్పం కట్టడానికి డబ్బెలా పోగుచేశారో, దాయాదులను ఎలా అదుపులో పెట్టారో, చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని దర్బారు ఎలా నడిపారో రాసినవాళ్లు తక్కువ. నా బాధంతా అక్కడే.

బిడ్డనిచ్చిన తల్లులు

దత్తతలో ఒక తల్లి కడుపు నిండుతుంది, ఇంకో తల్లి ఒడి ఖాళీ అవుతుంది. దత్తహోమం నాడు కన్నవాళ్లు బిడ్డను దానంగా ధారపోస్తారు. ఆ క్షణం నుంచి ఆ పిల్లవాడి ఇంటిపేరు వేరు, గోత్రం వేరు. కన్నతండ్రి ఆస్తిలో హక్కు లేదు, పిండం పెట్టే బాధ్యత కూడా లేదు.

ఈ సంగతిని కొల్లాపూర్ కంటే బాగా చెప్పే ఊరు లేదు. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల అంచున, జటప్రోలు సంస్థానానికి రాజధాని కొల్లాపూర్. సురభి వారిది పద్మనాయక వెలమ వంశం. 'చంద్రికా పరిణయం' రాసిన సురభి మాధవరాయలు ఈ ఇంటివాడే. పందొమ్మిదో శతాబ్దంలో ఈ గద్దె మీదున్న జగన్నాథరావుకు సంతానం లేదు. ఆయన 1879లో వెంకటగిరి రాజుగారింటి పిల్లవాణ్ని దత్తు తెచ్చుకున్నారు. నెల్లూరు సీమ వెంకటగిరిలో నవనీతకృష్ణ యాచేంద్ర అని పిలిపించుకున్న పిల్లవాడు కొల్లాపూర్‌లో వెంకట లక్ష్మారావు అయ్యాడు. 1884 నుంచి 1928 దాకా, నలభై ఏళ్లకు పైగా, సంస్థానాన్ని ఏలాడు.

వెంకటగిరి అన్నదమ్ములు ఎక్కడెక్కడికి వెళ్లారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకరు కన్నవారి గద్దె మీదే ఉండి వెంకటగిరిని ఏలారు. మరొకరిని బొబ్బిలి రాణి లక్ష్మీ చెల్లాయమ్మ భర్త పోయాక దత్తు తీసుకున్నారు. ఆయనే బొబ్బిలి మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు. ఇంకొకరు కొల్లాపూర్ వచ్చారు. నెల్లూరు సముద్రపు గాలి నుంచి ఒకరు ఉత్తరాంధ్రకు, ఒకరు నల్లమల అంచుకు. ఒకే తల్లి పిల్లలు మూడు సంస్థానాలకు ప్రభువులయ్యారు. లోకానికి అది గొప్ప. ఆ తల్లికి ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే.

అన్ని దత్తతలూ చల్లగా సాగలేదు. పిఠాపురం రాజా గంగాధర రామారావు 1873లో ఇదే వెంకటగిరి కుటుంబం నుంచి ఒక పిల్లవాణ్ని తెచ్చుకున్నారు. పన్నెండేళ్లకు, 1885లో, రాణిగారికి మగబిడ్డ పుట్టాడు. 1890లో రాజుగారు పోతూ ఎస్టేటును ఆ బిడ్డకు వీలునామా రాశారు. దత్తపుత్రుడు కోర్టుకెక్కాడు. పుట్టిన బిడ్డ రాజు సంతానమే కాదన్నంత మాట కోర్టుల్లో నలిగింది. దావా లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి 1899లో తేలింది. జమీందారుకు తన ఎస్టేటును వీలునామాతో ఇష్టమొచ్చినవారికి ఇచ్చే హక్కుందన్నారు. పసివాడే గెలిచాడు. 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' ఎవరి పేరు మీద వెలసిందో ఆ సూర్యారావు మహారాజు ఆయనే. గెలిచినవాణ్ని లోకం గుర్తుపెట్టుకుంది. రాజ్యం నీదేనని చెప్పి కన్నవాళ్ల దగ్గర నుంచి తెచ్చుకున్న రెండోవాడి సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. తల్లుల తగువుల్లో హోదా పోయిన మేరీ, ఎలిజబెత్‌ల గతికి ఇతని గతి ఏమంత దూరం కాదు.

దత్తత హక్కు మీద పాలకుల పెత్తనమూ ఉండేది. డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో దత్తతను కాదని 1848లో సతారాను, తర్వాత ఝాన్సీని, నాగపూరును కంపెనీ మింగేసింది. భర్త అనుమతి రాసి ఇవ్వకపోయినా, దగ్గరి జ్ఞాతులు ఒప్పుకుంటే విధవ దత్తు తీసుకోవచ్చని 1868లో రామనాథపురం కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. దక్షిణాది రాణులకు అది పెద్ద ఊరట. పాలమూరు సంస్థానాలు నిజాం ఏలుబడిలో ఉండేవి. ఇక్కడ ప్రతి వారసత్వానికీ హైదరాబాదు మంజూరు కావాలి, నజరానా చెల్లించాలి. భర్త పోయిన దుఃఖం తీరకముందే రాణి గుమాస్తాలను పిలిచి అర్జీలు రాయించాల్సి వచ్చేది.

వనపర్తి: మూడు తరాలు

వనపర్తి రాజు మొదటి రామేశ్వరరావు పేరున్న యోధుడు. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో అశ్వదళం నడిపాడు. ఆ దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని మనం పిలిచే పేట ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు. ఇంత సైన్యం ఉన్న రాజు 1866లో వారసుడు లేకుండా పోయాడు. అశ్వదళం తీర్చలేని ఆ కొరతను తీర్చింది ఆయన భార్య రాణి శంకరమ్మ. సంస్థానాన్ని చేతిలో ఉంచుకుని, ఒక పిల్లవాణ్ని దత్తు తెచ్చి రెండో రామేశ్వరరావుగా నిలబెట్టింది. ఆయన 1922 దాకా జీవించాడు.

రెండో రామేశ్వరరావుకు ఇద్దరు కొడుకులు, కృష్ణదేవరావు, రామదేవరావు. కొడుకులు లేని ఇంటికి ఒక బాధ, ఇద్దరున్న ఇంటికి ఇంకో బాధ. సంస్థానం విడదీయరానిది, గద్దె ఒక్కటే. అన్నదమ్ముల మధ్య పంపకాల పేచీ నడిచింది. కృష్ణదేవరావు చిన్న వయసులోనే పోయారు. మిగిలింది ఆయనకు 1923లో పుట్టిన పసికందు, మూడో రామేశ్వరరావు. ఆ బిడ్డ పెద్దయ్యేదాకా ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చూసింది.

ఆ పసికందు పెద్దవాడై రాయబారిగా ఆఫ్రికా దేశాల్లో పనిచేశారు. పాలమూరు నుంచి పలుమార్లు లోక్‌సభకు వెళ్లారు. ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాల పెట్టారు. ఇంగ్లిషులో నవలలు, పిల్లల కథలు రాశారు. వనపర్తి రాజభవనం 1959లో పాలిటెక్నిక్ అయింది. దానికి చిన్న వయసులో పోయిన తండ్రి కృష్ణదేవరావు పేరు పెట్టారు.

గద్దె దక్కని రెండో కొడుకు రామదేవరావును 1928లో పెళ్లాడి ఈ ఇంటికి వచ్చిన కోడలి గురించి ఇంకొంచెం చెప్పాలి. వరంగల్ వడ్డేపల్లిలో 1911లో పుట్టిన కుముదినీదేవి, పింగళి వెంకటరామారెడ్డి కూతురు. రాజ్యం లేని రాణి ఆమె. సంస్థానాలు పోయాక ఆ ఇంటి ఆడవాళ్లు పరదా చాటుకు వెళ్లిపోలేదని ఆమె జీవితమే సాక్ష్యం. 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. కుష్ఠు పేరు చెబితే కన్నవాళ్లే గడప దాటించే రోజులవి. 1962లో హైదరాబాదు నగరానికి తొలి మహిళా మేయరయ్యారు. అదే ఏడాది నుంచి పదేళ్లు వనపర్తి ఎమ్మెల్యేగా ఉన్నారు. 2009లో, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పుట్టిన బిడ్డల లెక్కతో రాణుల విలువ కట్టిన కాలం నుంచి పరాయి బిడ్డల పుండ్లు కడిగిన రాణి దాకా ఒకే ఇల్లు నడిచి వచ్చింది.

చివరి మహారాణి

మళ్లీ గద్వాల. 1924లో రాజా సీతారామ భూపాలుడు మరణించారు. భర్త పోగానే వారసత్వం మీద నిజాం ప్రభుత్వంతో పేచీ వచ్చింది. ఆదిలక్ష్మీ దేవమ్మ వెనక్కి తగ్గలేదు. సంస్థానాన్ని నిలుపుకుని, పాతికేళ్లు తానే ఏలారు. విద్వద్గద్వాల, అంటే పండితుల గద్వాల, అన్న పేరు చెడకుండా ఏటా పండితులను, కవులను పిలిచి సంభావనలిచ్చారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి వెళ్లే ఏరువాడ జోడు పంచెల సంప్రదాయం సంస్థానం పోయాక కూడా ఆగలేదు. ఇక్కడి నేతగాళ్లు దీక్షతో నేసి ఇప్పటికీ శ్రీవారికి పంపుతున్నారు.

పక్కనే ఆత్మకూరు రాజధానిగా ఉన్న అమరచింత సంస్థానంలోనూ అదే కథ. చివరి పాలకురాలు సవై రాణి భాగ్యలక్ష్మమ్మ. కొల్లాపూర్‌లో వెంకట లక్ష్మారావు 1928లో పోయాక పగ్గాలు పట్టింది రాణి వెంకట రత్నమాంబ. ఒకే తరంలో, కృష్ణా తీరంలో మూడు గద్దెల మీద ముగ్గురు విధవలు. శుభకార్యాలకు విధవ ఎదురు రాకూడదన్న సమాజంలో వేలాది కుటుంబాల తగవులు తీర్చింది వీళ్లు. 1949లో జాగీర్ల రద్దుతో ఈ పాలనలన్నీ ముగిశాయి.

ఇంత చెప్పాక మన పూర్వీకులు హెన్రీ కంటే ఉత్తములని నేననను. మన ఇళ్లలోనూ కూతుళ్లను పక్కనపెట్టే ఈ ఏర్పాట్లన్నీ చేసుకున్నారు. ఇల్లరికంలో అధికారం అల్లుడికి పోయింది. దత్తతలో పరాయి ఇంటి కొడుకుకు పోయింది. విధవ ఏలిందంటే వారసుడు వచ్చేదాకానే. కడుపున పుట్టిన ఆడబిడ్డ నేరుగా గద్దెనెక్కిన సందర్భం ఈ సంస్థానాల్లో నాకు కనిపించలేదు. ఆ విషయంలో ఇంగ్లండు కనీసం చివరికైనా మేరీని, ఎలిజబెత్‌ను ఒప్పుకుంది. మన ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు 1985 నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణతో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చినా పసుపు కుంకుమల కింద ఏదో ముట్టజెప్పి కూతురి చేత సంతకం పెట్టించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అది తప్పు.

సురవరం ప్రతాపరెడ్డి ఈ నడిగడ్డ బిడ్డే. 1952లో వనపర్తి నుంచే శాసనసభకు గెలిచారు. రాజుల యుద్ధాలు చరిత్ర కాదని, జనం బతికిన తీరే అసలు చరిత్రని నమ్మి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. ఆయన చూపించిన దారిలోనే సంస్థానాల అంతఃపురాల చరిత్ర కూడా రావాలి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. వనపర్తిలో రాణి లక్ష్మీదేవమ్మ పేరుతో, కొల్లాపూర్‌లో రాణి ఇందిరాదేవి పేరుతో విద్యాసంస్థలున్నాయి. ఆ మూడింటిలో చదివే పిల్లలకు తమ కాలేజీ పేరులో ఉన్న ఆ స్త్రీ ఎవరో, ఏం చేసిందో చెప్పే ఒక్క పాఠం, గోడ మీద ఒక్క పలక ఉంటే ఎంత బాగుంటుంది! మూడు జిల్లాల అధికారులు తలుచుకుంటే ఒక్క విద్యా సంవత్సరంలో అయ్యే పని అది.

పాఠకులకూ ఒక మాట. మీ ఇళ్లలో సంస్థానాల నాటి దత్తత కాగితాలు, సనదులు, రాణుల సంతకాలున్న ఇనాం పత్రాలు, పాత ఫొటోలు ఉంటే పెట్టె అడుగున చెదలకు వదలకండి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు గానీ, మీ ఊరి కాలేజీ చరిత్ర విభాగానికి గానీ కనీసం నకళ్లు ఇవ్వండి. అంతఃపురంలో, కచేరీలో పనిచేసిన పెద్దవాళ్ల పిల్లలు, మనవలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లకు తెలిసిన కథలను ఈ ఏడాదే రాసి పెట్టండి.